అగేట్ రాళ్లపై ఆసక్తి: ముందు జియాలజీయా, ఆర్కియాలజీయా?

ప్రశ్న: మాది వికారాబాద్ దగ్గరి పల్లె. ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి చేలో దొరికే చారల అగేట్ రాళ్లను పోగుచేస్తోంది. అవి గడ్డకట్టిన లావా అని, ఆదిమానవులు వాటితో పనిముట్లు చేసుకున్నారని, తాను ఆర్కియాలజీయే చదువుతానని అంటోంది. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి

జవాబు: మీ అమ్మాయి చెప్పిన రెండింటిలో పనిముట్ల మాట నిజం, లావా మాటను మాత్రం కొంత సవరించుకోవాలి. గడ్డకట్టిన లావా అగేట్ కాదు, మీ ప్రాంతపు నల్లని బసాల్ట్ రాయి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కనులో పారిన లావా చల్లారేటప్పుడు వాయువుల బుడగలు చిక్కుకుని రాతిలో గుల్లలు మిగిలాయి. ఆ తరువాత రాతిలోకి ఇంకిన నీటిలోని సిలికా ఆ గుల్లల గోడలకు పొర మీద పొరగా పేరుకుని అగేట్‌గా మారింది. మీరు చూసే చారలు ఆ పొరలే. బసాల్ట్ శిథిలమై నల్లరేగడి అయినా, అంతకంటే గట్టిదైన అగేట్ మట్టిలో అలాగే మిగులుతుంది.

అతిసన్నని క్వార్ట్జ్ స్ఫటికాలతో ఏర్పడిన రాయి కనుక, సరిగ్గా దెబ్బ తగిలితే అది గాజులా పగిలి పదునైన అంచునిస్తుంది. అందుకే అలాంటి రాళ్లనుంచి తీసిన గోరంత పలుకులను ఆనాటివారు కర్రకో ఎముకకో బిగించి వాడుకున్నారు. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో ఇటువంటి సూక్ష్మ పరికరాల చరిత్ర సుమారు 35 వేల ఏళ్ల వెనక్కి వెళుతుంది. (దాదాపు 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం వెదజల్లిన బూడిద పొర కూడా ఆ ఊరి దగ్గరే ఉంది, వీలైతే అమ్మాయికి ఒకసారి చూపించండి.)

రాయి పుట్టుక తెలియనిదే పనిముట్టు ఎక్కడినుంచి వచ్చిందో తేల్చలేరు కనుక, ముందు జియాలజీ ఉన్న బీఎస్సీలో చేర్పించమని నా సలహా. పుణెలోని దక్కన్ కాలేజీ వంటి చోట్ల ఎంఏ ఆర్కియాలజీకి ఏ డిగ్రీ వారైనా వెళ్లవచ్చు, కానీ ఎమ్మెస్సీ జియాలజీకి సాధారణంగా డిగ్రీలో ఆ సబ్జెక్టు ఉండాలి. పైగా ఆర్కియాలజీ ఉద్యోగాలు తక్కువ. ఎమ్మెస్సీ జియాలజీ ఉంటే యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష ద్వారా జియలాజికల్ సర్వేలో చేరే అవకాశమూ ఉంటుంది. అన్ని డిగ్రీ కళాశాలల్లో జియాలజీ ఉండదు కనుక, డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ వేదిక అయిన దోస్త్‌లో ఆప్షన్లు పెట్టేముందు ఆ కోర్సు ఎక్కడెక్కడ ఉందో చూసుకోండి.

ఈలోగా, చెక్కినట్టు కనిపించే రాయి ఏదైనా ఎదురైతే తీయకుండా అక్కడే ఫొటో తీసి, ఏ చేలో ఏ గట్టు దగ్గర ఉందో నోటుబుక్కులో రాసుకోమనండి.