మూడు కాళ్ల కుందేలు, తొమ్మిదిన్నర గేటు

హనుమకొండ,
ఆదివారం పొద్దున

బిడ్డా,

నిన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. చెప్పబోయేసరికి నీకు స్టాఫ్ మీటింగ్ అడ్డమొచ్చింది. అయినా ఇది ఫోన్‌లో తేలే సంగతి కాదు. అందుకే కాగితం ముందేసుకున్నాను.

నాకు అర్థమైంది ఇది. హెచ్చెమ్‌గా చేరిన మొదటి వారమే ప్రార్థనలో నిలబడి ‘తొమ్మిదిన్నరకు గేటు మూస్తాం, ఆ తర్వాత ఎవరొచ్చినా రానియ్యం’ అన్నావు. అంతకుముందు పదిన్నరకు కూడా పిల్లలు తాపీగా నడిచొచ్చేవాళ్లట కాబట్టి, అనడంలో తప్పు లేదు. నెల తిరిగేసరికి తెలిసింది, ఆ రెండు తండాల పిల్లలకు ఉన్నది ఒక్కటే బస్సని, అది బడి దగ్గర ఆగేసరికే తొమ్మిది నలభై అవుతుందని. గేటు బయట నిలబడేవాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలే. ఇప్పుడు మారిస్తే ‘మేడం మాట మీద నిలబడదు’ అంటారని నీ టెన్షన్. ఇంతలో మీ ఇంగ్లీషు సార్ ఎవరో ఎమర్సన్ మాట ఎత్తి, నిలకడ అనేది చిన్న బుద్ధులవాళ్ల రోగం అని తేల్చేశాడు. నీకు ఎక్కడో కాలింది.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. ఎమర్సన్ అమెరికా రచయిత. 1841లో అచ్చయిన ఒక వ్యాసంలో ఆ వాక్యం ఉంది. మీ సార్ అందులో ఒక ముక్క మింగేశాడు. ఆయనొక్కడే కాదులే, చాలామంది దాన్ని మింగే చెప్తారు. ఎమర్సన్ వట్టి నిలకడను తిట్టలేదు, ‘తెలివిమాలిన’ నిలకడను తిట్టాడు. అది చిన్న బుద్ధులను పట్టుకున్న బూచోడు అన్నాడు. బూచోడు అనడంలోనే ఉంది కిటుకు. వాడు ఎక్కడా ఉండడు, అయినా అన్నం తినని పిల్లవాడు వాడికి జడిసి నాలుగు ముద్దలు మింగుతాడు. ‘నిన్న అట్లంటివి కదా’ అని ఎవరో అడుగుతారనే భయం కూడా అంతే. జనం మన పాత మాటలను బట్టే మనల్ని లెక్కగడతారు, ఆ లెక్క తప్పించడం ఇష్టంలేక పాత మాటనే పట్టుకుని వేలాడతాం అని ఆయన చెప్పింది. ఊరికే చెప్పలేదు. బోస్టన్‌లో చర్చి పాస్టర్‌గా ఉండి, ప్రభురాత్రి భోజన సంస్కారం ఇక మనసొప్పి జరపలేనని 1832లో ఆ కొలువే వదులుకున్నాడు. మన గాంధీజీ కూడా 1933లో హరిజన్ పత్రికలో ఇటువంటి మాటే రాశారు. ఒకే విషయం మీద నా రెండు రాతలకు పొంతన లేకపోతే తర్వాత రాసినదాన్నే తీసుకోండి అని.

మనకైతే అంతదూరం పోయే పని లేదు. ‘నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు’ అనేవాడు మనింట్లోనే ఉండె, మీ తాత. ఆ సామెత గురించి నాకో అనుమానం. ఆ కుందేలు పట్టినవాడు మొదటి రోజు అబద్ధం ఆడి ఉండడు. చీకట్లో పట్టాడు, ఒక కాలు చేతికి తగల్లేదు. రాత్రికి రాత్రే గద్దె మీద కూర్చుని పదిమందికి చెప్పేశాడు. తెల్లారి చూస్తే నాలుగున్నాయి. ఇక అక్కడి నుంచి వాడి బతుకంతా ఆ నాలుగో కాలు దాచడంతోనే సరిపోయింది.

నేనూ ఒక కాలు దాచినవాణ్ణే. పరకాల దిక్కు ఒక బడిలో తెలుగు పంతులుగా చేరిన కొత్తలో, వ్యాసాల్లో ‘తొవ్వ’ అని రాస్తే ఎర్రసిరాతో కొట్టి ‘దారి’ అని రాసేవాణ్ణి. ‘పొద్దుగాల’ రాస్తే కొట్టేవాణ్ణి. ‘ఎల్లిగడ్డ’కు అర మార్కు కోత. బడిపలుకుల భాష వద్దు, పలుకుబడుల భాష కావాలని కాళోజీ అంటుండేవాడు. ఆ మాట చెవిన పడని మనిషి అప్పట్లో హనుమకొండలో లేడు. నాకూ పడింది. సభల్లో చప్పట్లు కూడా కొట్టాను. కొట్టి వచ్చి, తెల్లారి మళ్లీ ఎర్రసిరా పెన్ను తీసేవాణ్ణి.

తప్పని తెలియక కాదు, బిడ్డా. తెలిసిన తర్వాత కూడా రెండేళ్లు కొట్టాను. ఎందుకో చెప్తాను, నీకు పనికొచ్చేది అదే. ఇప్పుడు ఆపితే, అంతకుముందు మార్కులు పోగొట్టుకున్న పిల్లలకు అన్యాయం చేసినట్టు కాదా అనుకున్నాను. చూడు, మొండితనం ఎంత మంచి అంగి తొడుక్కుని వచ్చిందో! న్యాయం అనే అంగి. నువ్వు కూడా నిన్న ‘ఇన్ని రోజులు వెనక్కి పంపిన పిల్లలు ఏమనుకుంటారు’ అన్నావు. అది విన్నప్పుడే నాకు నా ఎర్రసిరా గుర్తొచ్చింది.

ఒక సాయంత్రం మీ పెద్దమ్మతో బజారుకు పోతూ ‘ఈ తొవ్వల పోదాం, దగ్గరైతది’ అన్నాను. వెనక నుంచి కిసుక్కున నవ్వు వినబడింది. తిరిగి చూస్తే మా తొమ్మిదో తరగతి పిల్లవాడు. నమస్తే సార్ అని పోయాడు, ఇంకేమీ అనలేదు. మరునాడు క్లాసులో చెప్పాను, ఇక కొట్టను, ఇన్నాళ్లు కొట్టింది నా తప్పు అని. వాడే లేచి ‘మరి పోయిన పరీక్షల కోసిన మార్కులు, సార్?’ అన్నాడు. అవి తిరిగివ్వలేనురా అన్నాను. అంతకంటే నా దగ్గర జవాబు లేకుండె.

అట్లని మీ సార్ అన్నట్టు రూల్స్ అన్నీ చుట్టచుట్టి అటక మీద పెట్టకు. ఎనుమాముల మార్కెట్‌కు మీ బాపు వెంట పోయినదానివి, నీకు తెలుసు. అక్కడ ధర రోజూ మారుతుంది, కాంటా మారకూడదు. సర్కారు పత్తి సంస్థ సీసీఐ కొనేటప్పుడు చూడు, తేమ 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర, అది దాటినకొద్దీ కోత, 12 దాటితే కొనరు. రూల్ గట్టిదే. కానీ ఎనిమిది దగ్గర గోడ కట్టలేదు, పన్నెండు దాకా మెట్లు పెట్టారు. నువ్వు తొమ్మిదిన్నర దగ్గర గోడ కట్టావు. ఇంకోటి, తేమ చూసే మీటర్ పత్తి ఎవరిదని అడగదు. నీకు బస్సు సంగతి తెలిసింది కాబట్టి మారుస్తున్నావు, అది సరే. రేపు ఎవరో పెద్దమనిషి ఫోన్ చేసి తన మనవణ్ణి లోపలికి వదలమంటే, అప్పుడు మార్చావనుకో, అది ఏ ఎండకా గొడుగు పట్టడం.

ఇక చేసే పని. ముందు ఒక రోజు నువ్వే ఆ తండా దాకా పోయి, ఆ బస్సెక్కి బడికి రా. విన్నది వేరు, కూర్చుని వచ్చింది వేరు. తర్వాత ప్రార్థనలో అన్న మాటను ప్రార్థనలోనే మార్చు. రెండు మూడు మాటల్లో చెప్పు: ‘బస్సు టైము నాకు తెలియదు. తెలిసింది. ఆ బస్సు పిల్లలు అది వచ్చినప్పుడే రావచ్చు.’ దయతలచి వదులుతున్నట్టు మాత్రం చెప్పకు. తెలియక పెట్టిన రూల్ సరిచేస్తూ దయ అనడం నాకు నచ్చదు. మిగతావాళ్లు ఆలస్యమైతే ఏం చేయాలో మెట్లు నువ్వే పెట్టుకో, రిజిస్టర్‌లో సంతకమో, ఇంటికి ఫోనో. వెనక్కి పంపడం మాత్రం వద్దు. ఇంటి నుంచి బయల్దేరి వచ్చిన ఆడపిల్లను రోడ్డు మీద నిలబెట్టాక, ఆమెకేమైనా అయితే నీ రూల్ అడ్డం నిలబడదు.

చాలామంది చేసే తప్పు ఇంకోటుంది. బోర్డు మీద రూల్ అట్లనే ఉంచి, చాటుగా గేటు తీసి పెట్టమంటారు. మాట పోలేదనుకుంటారు. నిజానికి ఆ రోజు నుంచి వాచ్‌మనే బడికి హెచ్చెమ్ అవుతాడు, ఎవరిని రానియ్యాలో వాడి ఇష్టం. పాత కాగితం చింపి, కొత్తది తేదీ వేసి అంటించు. మళ్లీ పది రోజులకే ఇంకో మార్పు తేకు. ఒకరిద్దరు టీచర్లు నవ్వుతారు, వారం రోజులు నవ్వనీ.

గట్టిగా ఉండాల్సిన చోట మాత్రం నా కంటే మొండిగా ఉండు. మధ్యాహ్న భోజనంలో ఐదో తరగతి దాకా పిల్లకు 100 గ్రాముల బియ్యం, ఆరు నుంచి ఎనిమిది దాకా 150. అక్కడ గ్రాము తగ్గినా ఎవరి మొహమూ చూడకు. హాజరు పట్టీలో రాని పిల్లను వచ్చినట్టు రాయమంటే రాయకు.

మీ పెద్దమ్మ సకినాలు చేసి పెట్టింది, ఎవరైనా ములుగు దిక్కు వస్తే పంపుతాను. బస్సెక్కిన రోజు సాయంత్రం ఫోన్ చెయ్యి. సీటు దొరికిందో లేదో చెప్పు.

మీ
పెద్దబాపు