ప్రింటర్ మొరాయిస్తే ఫార్మాట్ జోలికి పోకు

అమ్మలూ,

నువ్వు బస్టాండ్ దగ్గర జిరాక్స్ షాపు పెడుతున్నావనీ, కంప్యూటర్లలో విండోస్ బదులు ఉబుంటు అనే లినక్స్ వేశావనీ నిన్న రాత్రి మీ నాన్న ఫోన్లో చెప్పాడు. నా తర్వాత మన ఇంట్లో ఇంకొకరు టోనర్ మరకల చేతులతో అన్నానికి వస్తారన్నమాట! కానీ సెకండ్ హ్యాండ్‌లో హెచ్‌పీ 1020 లేజర్ ప్రింటర్ కొన్నావని విన్న దగ్గర్నుంచీ నాకు టెన్షనే.

తీగ గుచ్చడం, ప్రింటర్ చేర్చడం, పేపరు సైజు లెటర్ నుంచి ఏ4కి మార్చడం నీకు చెప్పక్కర్లేదు. 1020కి మాత్రం ఒక తిక్కుంది. దాన్ని నడిపించే ప్రోగ్రాం, అంటే ఫర్మ్‌వేర్, దాని కడుపులో నిలవదు, ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరే పంపాలి. అందుకని లినక్స్‌లో హెచ్‌పీ ప్రింటర్లని నడిపే హెచ్‌పీలిప్ సాఫ్ట్‌వేర్ ఒక్కటే చాలదు, దాని ప్లగిన్ కూడా వెయ్యాలి. హెచ్‌పీలిప్ అప్‌డేట్ అయిందంటే ప్లగిన్ మళ్ళీ వేసుకోవాల్సిందే.

ఇక నా ఘనకార్యం విను. 2012, ఎంసెట్ హాల్‌టికెట్ల రోజులు. గుమ్మం దాకా పిల్లలు. ప్రింట్ మధ్యలో కరెంటు పోయింది. కంప్యూటర్ యూపీఎస్ మీద బతికే ఉంది, ప్రింటర్ ఆగిపోయింది. కరెంటొచ్చాక ఎన్నిసార్లు ప్రింట్ నొక్కినా కాగితం కదల్లేదు. ప్రింటర్‌ని ఆపి మళ్ళీ ఆన్ చేశాను, తీగ మార్చాను. వెనక నుంచి ఎవరో "అంకుల్, రాదా?" అన్నారు. పౌరుషం పొడుచుకొచ్చింది. షట్టర్ సగం దించి, డిస్క్ మొత్తం ఫార్మాట్ కొట్టి, లినక్స్ మళ్ళీ ఎక్కించాను.

ప్రింట్లొచ్చాయి. రాత్రి ఎనిమిదింటికి గుర్తొచ్చింది, రిటైరైన మాస్టారొకాయన రాసిన ఊరి చరిత్ర అందులోనే ఉందని. నూట నలభై పేజీలు, మూడు నెలల టైపింగు. ఇంకెక్కడా కాపీ లేదు.

మర్నాడు ఆయనకి చెప్పడానికి నోరు పెగల్లేదు. ఆయన ఒక్క మాటా అనలేదు. సాయంత్రం అదే గుడ్డసంచీలో రాతప్రతి తెచ్చి బల్ల మీద పెట్టి, "మొదటి పేజీలో ఎలాగూ ఒక తప్పుందిలే" అన్నారు. తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణి.

అసలు జరిగిందేమిటో తర్వాత తెలిసింది. పని మధ్యలో ప్రింటర్ మాయమైతే లినక్స్‌లో ప్రింటింగ్ చూసుకునే కప్స్ ఆ ప్రింటర్ క్యూని, అంటే ప్రింట్ల వరసని, ఆపేసిందంతే! బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ కోలన్ 631 కొడితే ప్రింటర్ పేరు పక్కన "పాజ్డ్" అని కనిపించేది. రెజ్యూమ్ నొక్కితే సరిపోయేది. కమాండ్లు టైపు చేసే టెర్మినల్ అలవాటుంటే ఎల్‌పీస్టాట్ హైఫన్ టీ అని అడుగు, చెబుతుంది. అప్పటికీ తేలకపోతే కప్స్ ఎర్రర్ లాగ్‌లో చివరి పది లైన్లు చదువు. ఇంకోటి, రెజ్యూమ్ కొట్టేముందు క్యూలో పేరుకున్న పాత జాబులు రద్దు చెయ్యి. లేదంటే ఒకే హాల్‌టికెట్ ఇరవైసార్లు వస్తుంది.

కరెంటు పోతోందని లేజర్ ప్రింటర్‌ని చిన్న యూపీఎస్‌కి తగిలించావో, చెవి మెలేస్తాను. లోపలి హీటర్ ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, యూపీఎస్ కుయ్యోమంటూ కంప్యూటర్‌ని కూడా ఆర్పేస్తుంది.

ఆదివారం వస్తున్నాను. పిన్ని నీకోసం సున్నుండలు చేస్తోంది. నేనొక హార్డ్ డిస్క్ తెస్తున్నాను, కస్టమర్ల ఫైళ్ళన్నీ రోజూ అందులోకి కాపీ చెయ్యి. మాస్టారి పుస్తకం కూడా అందులోనే ఉంది. మొదటి పేజీలో తప్పు దిద్దాం.

మీ బాబాయ్