వీఎస్ కోడ్‌లో వెతికితే దొరకని మాట స్క్రీన్ మీద మాత్రం కనిపిస్తోందంటే: నేను ఏమేం చూస్తాను

మీ సమస్య ఇది కదా: కోడ్ రాసుకునే ఎడిటరైన వీఎస్ కోడ్‌లో కంట్రోల్ షిఫ్ట్ ఎఫ్ కొట్టి ఒక తెలుగు వాక్యం వెతికారు, ఫలితాలేవీ లేవంది. యాప్ నడిపి చూస్తే అదే వాక్యం ఎదురుగా కనిపిస్తోంది. ఎడిటర్ తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయాలా అని అడిగారు.

అక్కర్లేదండీ. ఎడిటర్ "లేదు" అంటే ప్రాజెక్టులో ఎక్కడా లేదని కాదు. చూడమన్న చోట్లలో, మీరు కొట్టిన రూపంలో లేదని మాత్రమే. అయితే చోటు తప్పయి ఉండాలి, లేదంటే రూపం తప్పయి ఉండాలి.

ముందు చోటు సంగతి. వెతికే పెట్టె కింద కుడివైపు ఉన్న మూడు చుక్కలు నొక్కండి. రెండు పెట్టెలు తెరుచుకుంటాయి, ఏ ఫైళ్ళలో చూడాలి, ఏవి వదిలేయాలి అని. మొన్నెప్పుడో ఒక ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి అందులో మాత్రమే వెతికి ఉంటే, ఆ ఫోల్డర్ పేరు పై పెట్టెలో అలాగే ఉండిపోతుంది. ఇవాళ్టి వెతుకులాట కూడా ఆ ఒక్క ఫోల్డర్‌లోనే జరుగుతుంది. మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్ళు "దొరకట్లేదు" అని పిలిస్తే, నేను వెళ్ళి మొదట చూసేది ఆ పెట్టెనే. ఫలితాలు లేవని చెప్పే వాక్యాన్ని కూడా చివరిదాకా చదవండి. ఎక్కడ వెతికిందో అక్కడే రాసి ఉంటుంది, అన్ని ఫైళ్ళలో మళ్ళీ వెతకడానికి లింకు కూడా ఇస్తుంది.

తర్వాత, వెతికే పెట్టెలో కుడి చివరన ఉండే మూడు చిన్న బటన్లు. పెద్ద, చిన్న అక్షరాల తేడా చూడమనేది ఒకటి, పూర్తి పదమే కావాలనేది ఇంకొకటి, చుక్కా నక్షత్రం గుర్తుతో, కొట్టినదాన్ని అచ్చు మాటగా కాక నమూనాగా చదివే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ బటన్ మూడోది. ఒకసారి నొక్కితే మళ్ళీ నొక్కేదాకా ఆన్‌లోనే ఉంటాయి. మూడోది ఆన్‌లో ఉండగా "మొత్తం (రూ.)" అని వెతికారనుకోండి. ఫైల్లో అచ్చం అలాగే ఉన్నా దొరకదు. ఎందుకంటే అప్పుడు బ్రాకెట్లు మామూలు బ్రాకెట్లు కావు, గుంపు కట్టే గుర్తులు అవుతాయి.

ఇక రూపం సంగతి. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తెలుగు స్ట్రింగులతో, అంటే కోడ్‌లో ఉండే మాటల ముక్కలతో, పని చేసేవాళ్ళకు ఇది బాగా తగులుతుంది, ఇంగ్లీష్ ట్యుటోరియల్స్‌లో మాత్రం కనబడదు.

కొన్నేళ్ళ కిందట హైదరాబాద్‌లో ఒక టికెట్ల యాప్ మీద పని చేశాను. "రిఫండ్ మొత్తం" అని ఉన్న ప్రతిచోటా "తిరిగి వచ్చే మొత్తం" అని మార్చాలన్నారు. వెతికాను, 11 చోట్ల దొరికింది, అన్నీ మార్చాను. సాయంత్రం టెస్టర్ వచ్చి ఒక స్క్రీన్‌లో పాత మాట ఇంకా ఉందని చూపించింది. మళ్ళీ వెతికితే ఒక్కటీ లేదు. ఆ రాత్రే రిలీజ్, టెన్షన్ మామూలుగా లేదు. ఫోల్డర్ పెట్టె ఖాళీగానే ఉంది, మూడు బటన్లూ ఆఫ్‌లోనే ఉన్నాయి. చివరికి అనువాదాల ఫైల్ తెరిచి కళ్ళతో వెతుక్కుంటూ పోతే, ఉంది! కళ్ళ ముందే "రిఫండ్‌ మొత్తం" అని ఉంది.

మౌస్‌తో "రిఫండ్" అనే ముక్కను మాత్రం ఎంచుకుని కింద స్టేటస్ బార్ చూశాను. ఎన్ని అక్షరాలు ఎంచుకున్నామో అక్కడ పడుతుంది. ర, గుడి, ఫ, సున్న, డ, పొల్లు కలిపి 6 ఉండాలి. 7 అని ఉంది.

ఆ ఏడోది జీరో విడ్త్ నాన్ జాయినర్. కంటికి కనబడదు, చోటు తీసుకోదు. "అప్‌లోడ్" అన్నప్పుడు ప అక్షరానికున్న పొల్లు పొల్లుగానే నిలబడాలంటే మధ్యలో అది ఉండాలి, లేకపోతే ల కిందికి దిగి "అప్లోడ్" అవుతుంది. అక్కడ దాని పని దానికుంది. కానీ కొన్ని కీబోర్డులు, కొందరి టైపింగ్ అలవాటు వల్ల పొల్లుతో ముగిసే పదం చివర కూడా వచ్చి చేరుతుంది. మా అనువాదకుల్లో ఒకరు వర్డ్ ఫైల్ నుంచి పేస్ట్ చేసిన వరసల్లో అదే జరిగింది. కంటికి రెండూ ఒకటే, ఎడిటర్‌కు రెండు వేర్వేరు మాటలు.

అప్పటి నుంచి తెలుగు మాట వెతికేటప్పుడు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ బటన్ ఆన్ చేసి, పొల్లు వచ్చిన చోటల్లా చుక్క, ప్రశ్నార్థకం పెడతాను: రిఫండ్.? మొత్తం. చుక్క అంటే ఏదో ఒక అక్షరం, ప్రశ్నార్థకం అంటే అది ఉన్నా సరే, లేకున్నా సరే. అలాగే అప్.?లోడ్ అని వెతికితే రెండు రాతలూ దొరుకుతాయి. మీ వాక్యాన్ని కూడా ముందు ఇలా ప్రయత్నించండి. నా అనుభవంలో తెలుగు మాట విషయంలో ఎక్కువసార్లు తప్పు ఇక్కడే ఉంటుంది.

అప్పటికీ దొరక్కపోతే మళ్ళీ చోటు దగ్గరికి రావాలి. 2017 నుంచి వీఎస్ కోడ్ ఈ వెతుకులాటకు లోపల రిప్‌గ్రెప్ అనే ప్రోగ్రామును వాడుతోంది. ఆండ్రూ గాలంట్ రస్ట్ భాషలో రాసింది. అంత పెద్ద ప్రాజెక్టును క్షణాల్లో చూడగలగడానికి ఒక కారణం, గిట్ ఇగ్నోర్ ఫైల్లో, అంటే కోడ్ మార్పులను భద్రపరిచే గిట్ పట్టించుకోకూడని వాటి జాబితాలో, రాసిన వాటిని అసలు తెరవకపోవడం. బయటి నుంచి తెచ్చుకున్న ప్యాకేజీలు ఉండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌ను వీఎస్ కోడ్ సెట్టింగే పక్కన పెడుతుంది. మీ వాక్యం ఏదో ప్యాకేజీ లోపలి నుంచి వస్తుంటే, లేదా బిల్డ్ చేసినప్పుడు తయారయ్యే ఫైల్లో ఉంటే, మామూలుగా దొరకదు. వదిలేయాల్సిన ఫైళ్ళ పెట్టెలో కుడి పక్కన గేర్ బొమ్మ ఉంటుంది. దాన్ని ఆఫ్ చేసి వెతకండి. కాస్త నెమ్మదిస్తుంది, ఫలితాలు కుప్పలుగా పడతాయి, పని అయ్యాక మళ్ళీ ఆన్ చేసుకోండి.

ఇంకొకటి, వాక్యం మొత్తం వెతకకండి. "మీ ఆర్డర్ 4512 రద్దయింది" అనేది కోడ్‌లో ఒకే వాక్యంగా ఉండదు, మధ్యలో నంబరు వేరేచోటు నుంచి వచ్చి కలుస్తుంది. "రద్దయింది" అనే చిన్న ముక్కతో మొదలుపెట్టండి. అదీ లేకపోతే ఆ మాట డేటాబేస్‌లోనో, సర్వర్ పంపే జవాబులోనో ఉంది, మీ ఫోల్డర్‌లో ఎంత వెతికినా లాభం లేదు.

దొరికాక మార్చేటప్పుడు మాత్రం తొందరపడకండి. అన్ని ఫైళ్ళలో మాట మార్చే కంట్రోల్ షిఫ్ట్ హెచ్ కొట్టే ముందు ఉన్నదాన్ని కమిట్ చేసుకోండి, అంటే వెనక్కి రాగలిగేలా గిట్‌లో భద్రపరుచుకోండి. ఒకసారి "చెల్లింపు" తీసి "పేమెంట్" పెట్టాను, ఒకేసారి అన్నిచోట్లా. "చెల్లింపులు" పోయి "పేమెంట్లు" బాగానే వచ్చింది. "చెల్లింపుకు" మాత్రం "పేమెంట్కు" అయి కూర్చుంది, క ఒత్తు పడి. అక్కడ ఆ కనబడని అక్షరమే కావాలి. అందుకే ఇప్పుడు ఒక్కో ఫలితం మీద నొక్కి, పాతదీ కొత్తదీ పక్కపక్కన చూసుకుని, వద్దనుకున్నదాన్ని ఇంటూ గుర్తుతో జాబితా నుంచి తీసేసి, మిగిలినవే మారుస్తాను.

ఇవన్నీ చూశాక కూడా దొరక్కపోతే, పెట్టె కింద ఎడిటర్ చూపించిన వాక్యం ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.