డిపాజిట్ తీసుకున్నారు, డ్రైనేజీ వేయలేదు: డబ్బు తిరిగి వస్తుందా?

ప్రశ్న: మాది ఆంధ్రప్రదేశ్‌లో ఒక నగర పాలక సంస్థ పరిధిలోని కాలనీ, 400 ఇళ్లు. భూగర్భ డ్రైనేజీ కోసం 2019లో ఇంటికి రూ.10,000 చొప్పున డిపాజిట్‌ను సంఘం పేరుతో ఒకే చలానాలో కట్టాం. సవరించిన ప్రణాళికలో మా కాలనీ లేదంటూ మూడు నెలల కిందట ఉత్తరం వచ్చింది. వాన పడితే మురుగు ఇళ్లలోకి వస్తోంది, పిల్లలతో, పెద్దవాళ్లతో నరకం చూస్తున్నాం. కట్టి మూడేళ్లు దాటింది కాబట్టి గడువు అయిపోయిందని కొందరంటున్నారు. ఆస్తి పన్నులో మినహాయించుకోవచ్చా? పక్క వీధి మెయిన్ లైనులో మేమే పైపు కలుపుకోవచ్చా?
– కాలనీ సంఘం కార్యదర్శి

జవాబు: మురుగు గురించి ఇంత రాశారు కానీ, రసీదు మీద ఏముందో ఒక్క ముక్క రాయలేదు. మీ కేసు నిలిచేదీ పడేదీ దాని మీదే.

రసీదులో ‘భూగర్భ డ్రైనేజీ కనెక్షన్ డిపాజిట్’ అని ఉంటే అది ఒక పని కోసం కట్టిన డబ్బు. ఆ పని జరగకుండా పోతే లిమిటేషన్ చట్టం, 1963 షెడ్యూలులోని 47వ ఆర్టికల్ ప్రకారం, దావా వేయడానికి పని విఫలమైన తేదీ నుంచి మూడేళ్ల గడువు. మీరు కట్టిన తేదీ నుంచి కాదు. అవతలి న్యాయవాది మాత్రం 24వ ఆర్టికల్ పట్టుకుని, డబ్బు అందిన రోజు నుంచే లెక్క అంటారు. ‘విరాళం’ అనో, ‘ప్రజల వాటా’ అనో రాసి ఉంటే మీ పని కష్టమే.

ఇంకో గడువు ఇంతకన్నా ప్రమాదకరం. రాష్ట్రంలోని కార్పొరేషన్లకు వర్తించే 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం 685వ సెక్షన్ ప్రకారం దావాకు నెల రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. కారణం పుట్టిన ఆరు నెలల్లోపు దావా వేయాలి. డిపాజిట్ తిరిగి ఇవ్వకపోవడం ఈ సెక్షన్ కిందకు రాదని వాదించవచ్చు. ఆ వాదన మీద పందెం కాయొద్దు. మూడు నెలలు ఇప్పటికే గడిచాయి. నోటీసు ఈ వారమే వెళ్లాలి. పైగా, విఫలమైన తేదీ ఉత్తరం తేదీ కాదు, కౌన్సిల్ తీర్మానం తేదీ అని కార్పొరేషన్ అంటుంది. ఆ తీర్మానం ముందే జరిగి ఉంటే ఆరు నెలలు ఎప్పుడో దాటి ఉండొచ్చు. అప్పుడు మూడేళ్ల వాదనా, హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణ కింద రిట్టూ మిగులుతాయి. ఏడాదికో వినతిపత్రం ఇచ్చాం కాబట్టి గడువు పెరుగుతుందనుకోవద్దు, పెరగదు. గడువు తీరకముందే కమిషనర్ సంతకంతో ‘మీ డబ్బు మా దగ్గరుంది’ అన్న ఉత్తరం ఉంటే మాత్రం లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ కింద కొత్త గడువు మొదలవుతుంది. పాత ఫైళ్లు వెతకండి.

సాక్ష్యానికి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో అడగండి: తీర్మానం నకలు, మొదటి, సవరించిన డీపీఆర్‌లు (సమగ్ర ప్రాజెక్టు నివేదికలు), మీ కాలనీ నెట్‌వర్క్ మ్యాపు, డిపాజిట్ ఖాతా వివరం. జవాబుకు 30 రోజులు పడుతుంది, నోటీసు దానికోసం ఆగకూడదు. డీపీఆర్‌లో మురుగు శుద్ధి కేంద్రం సామర్థ్యం లెక్క చూడండి. సాధారణంగా మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు, అందులో 80 శాతం మురుగు, అంటే 108 లీటర్లు. ఇంటికి నలుగురైతే మీ కాలనీది రోజుకు 1.73 లక్షల లీటర్లు. శుద్ధి కేంద్రం లెక్కలో మీ జనాభాను కలిపి, పైపులు మాత్రం తీసేసి ఉంటే, డబ్బు ఏ పనికి తీసుకున్నారో వాళ్ల కాగితమే చెబుతుంది.

నిధులు రాలేదంటారేమో. పట్టణాల నీరు, మురుగు పనుల కేంద్ర పథకం అమృత్ 2.0లో లక్ష నుంచి పది లక్షల జనాభా నగరాలకు కేంద్రం వాటా మూడో వంతే, మిగతాది రాష్ట్రం, కార్పొరేషన్ చూసుకోవాలి. డ్రైనేజీ వేయకపోవడానికి ఖజానా ఖాళీ అన్నది సాకు కాదని 1980లోనే రత్లాం మున్సిపాలిటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఆ తీర్పు పని చేయించడానికి ఉపయోగం. రూ.10,000 తిరిగి రాబట్టడానికి కాదు.

మీ రెండు ఆలోచనలూ వదిలేయండి. పన్నులో మీరే మినహాయించుకుంటే బకాయిదారులవుతారు, కేసు మీ మీదకు తిరుగుతుంది. మెయిన్ లైనులో పైపు కలపడానికి కూలీని మ్యాన్‌హోల్‌లో దింపుతారు, అంతే కదా? రక్షణ సాధనాలు లేకుండా మురుగు కాలువలో మనిషిని దింపి శుభ్రం చేయిస్తే పాకీ పని నిషేధించే 2013 చట్టం కింద మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు లేదా రూ.2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. లోపలి విషవాయువుకు మనిషి చనిపోతే ఇక డిపాజిట్ సంగతి ఎవరూ అడగరు.

400 మంది డబ్బునూ ఒకే చలానాలో సంఘం పేరుతో కట్టడం అజాగ్రత్త. సంఘం రిజిస్టరై లేకపోతే దాని పేరుతో దావా నడవదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 1 రూల్ 8 కింద కోర్టు అనుమతితో ఒకరిద్దరు అందరి తరఫునా వేయాలి. ఎవరెవరు ఎంత ఇచ్చారో జాబితా, చలానా నకలు, బ్యాంకు స్టేట్‌మెంటు ఇప్పుడే సిద్ధం చేసుకోండి.

కోర్టు ఫీజు భారమైతే శాశ్వత లోక్ అదాలత్ ఉంది. పారిశుద్ధ్యం ప్రజోపయోగ సేవల్లోకి వస్తుంది, రూ.కోటి వరకు వివాదం వింటారు, ఫీజు లేదు, రాజీ కుదరకపోతే తీర్పు కూడా ఇస్తారు. మీ మొత్తం రూ.40 లక్షలే. కోర్టులో దావా వేయకముందే వెళ్లాలి. అక్కడ దరఖాస్తు పెట్టాక అదే వివాదంతో కోర్టుకు వెళ్లలేరు కాబట్టి, రసీదు, తీర్మానం తేదీలు స్థానిక న్యాయవాదికి చూపించాకే దారి ఎంచుకోండి. నోటీసు మాత్రం ముందు. అందులో డబ్బు, తేదీలు, పేర్లు, చిరునామాలు స్పష్టంగా రాసి, కార్పొరేషన్ ప్రధాన కార్యాలయంలో ఇచ్చి, రెండో ప్రతి మీద ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోండి.