మురోమా మీద వ్యాసం రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

వ్యాసం చదివాను. మొదటి పేరా బాగుంది, గొడవంతా రెండో దాంట్లోనే. రష్యాలో ఓకా నది దగ్గర ఒకప్పుడు బతికి అంతరించిన మురోమా జనం భాష, వాళ్ల పొరుగున ఉన్న మొర్ద్వా జనం భాషకు సొంత చెల్లెలని ఒక్క ముక్కలో తేల్చేశావు, ఏ ధైర్యంతో? మురోమా భాషలో ఒక్క వాక్యమైనా మనదాకా రాలేదు. మిగిలినవల్లా నదుల పేర్లూ ఊళ్ల పేర్లూ, అంతే.

12వ శతాబ్దం మొదట్లో కీవ్‌లో కూర్చిన వృత్తాంతం ఓకా నది వోల్గాలో కలిసే వైపున్న జనాన్ని వరసగా చెబుతూ, మురోమాకు తమ భాష, చెరెమిస్‌కు (ఇప్పుడు మారీ అంటున్న జనానికి) తమ భాష, మొర్ద్వాకు తమ భాష అంటుంది. అది రాసినవాడు విడివిడిగా చెప్పాడు కదా, సంబంధం లేదేమో అనుకోకు. దగ్గరి భాషలైనా స్లావ్ భాష మాట్లాడే అతని చెవికి వేరుగానే వినిపించి ఉంటాయి. సమాధుల్లో దొరికిన నగలు మొర్ద్వా నగల్లా ఉన్నాయన్నావే, ఉండనీ, పక్కపక్కన బతికినవాళ్లు ఒకరి నగలు ఒకరు చూసి చేయించుకోరా? నగ చూసి భాష చెప్పలేం.

నువ్వు వదిలేసిన అసలు సరుకు నదుల్లో ఉంది. మొర్ద్వా నేలమీద చిన్న ఏళ్ల పేర్లు చాలా వాటికి చివర 'లేయ్' వస్తుంది, మొర్ద్వా భాషల్లో ఒకటైన ఎర్జ్యాలో ఏరని అర్థం. అక్కణ్ణుంచి వాయవ్యంగా, మురోమాలాగే అంతరించిన మెర్యా జనం బతికిన చోటికి రా. రొస్తోవ్ పక్క నేరో సరస్సులోంచి బయటికొచ్చే నది వ్యోక్సా, ప్లెష్చేయెవో సరస్సులోంచి వచ్చేదీ వ్యోక్సానే, ఫిన్లాండ్‌లో సైమా సరస్సు నుంచి పారేది వువొక్సి, పేర్లు ఎంత దగ్గరగా ఉన్నాయో చూడు. ఇలాంటి పేర్లు ఏరుకుంటూ పోవడమే పండితుల పని, అయినా ఒక మాట మీదికి రారు. భాషా పండితుడు మాక్స్ ఫాస్మెర్ మెర్యా భాషను మారీ భాషకు దగ్గరగా పెట్టాడు, మరికొందరు ఒప్పుకోలేదు. అలాగే అంతరించిన మెష్చెరా భాష సంగతైతే ఇంకా చిక్కు, కొందరికి అది మొర్ద్వా పక్కది, కొందరికి కాదు. కాబట్టి 'అంటారు' అని రాసిన ప్రతిచోటా ఎవరు అంటారో కూడా రాయి.

ఇంకోటి. మొర్ద్వా వాళ్లను కూడా భూతకాలంలోకి నెట్టేశావేంటయ్యా! రష్యాలో సరాన్స్క్ రాజధానిగా మొర్దోవియా ఇవాళ్టికీ ఉంది, ఎర్జ్యా, మోక్షా అని రెండు భాషలు, రెండూ మాట్లాడుతున్నారు. అది ముందు సరిచెయ్యి.

చివరి పేరాలో ఆ ఏడుపు నాకు వద్దు, కొట్టేయి. మ్యాప్ ముందేసుకుని వ్యోక్సా దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు.