పీహెచ్‌పీ సైట్‌లో మెయిల్ పంపే కోడ్‌ను ప్రతి పేజీలో మళ్లీ రాయాలా?

అక్కర్లేదు. ద్వారకానగర్‌లో ఒక ట్రావెల్స్ వాళ్ల సైట్‌కి నేనూ అలాగే చేశాను: ఎంక్వైరీ, అరకు బుకింగ్, పాస్‌వర్డ్ రీసెట్, మూడు చోట్లా అదే కోడ్ కాపీ. ఎస్ఎంటీపీ (మెయిల్ పంపే సర్వర్) పాస్‌వర్డ్ మారాక రెండు చోట్ల మార్చి, బుకింగ్ పేజీ మర్చిపోయాను. ఓనర్ ఫోన్ చేసేదాకా తెలీలేదు!

ఎవరికి, సబ్జెక్ట్, విషయం, రిప్లై అడ్రస్ తీసుకునే ఒకే ఫంక్షన్‌ని వేరే ఫైల్‌లో రాసి, అన్ని పేజీల నుంచీ దాన్నే పిలవండి. దాని లోపల పీహెచ్‌పీమెయిలర్ (మెయిల్ పంపే రెడీమేడ్ లైబ్రరీ), మెయిల్ సర్వర్‌కి కనెక్ట్ అవ్వడానికి పోర్ట్ 587 చాలు. పాస్‌వర్డ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (కోడ్‌లో కాకుండా బయట సర్వర్ సెట్టింగ్‌లో పెట్టే విలువ) ఉండాలి.

చాలామంది 'ఫ్రమ్'లో కస్టమర్ మెయిలే పెట్టేస్తారు. వాళ్ల డొమైన్ పేరుతో పంపే హక్కు మీ సర్వర్‌కి లేదు కాబట్టి అది స్పామ్‌లో పడొచ్చు, అసలు చేరకపోవచ్చు కూడా. ఫ్రమ్‌లో మీ డొమైన్ అడ్రస్, రిప్లై-టులో కస్టమర్‌ది ఇవ్వండి.