సందేహాలు – సమాధానాలు: పైపు పగిలిందా, పగిలినట్టుందా?

సందేహం: హైదరాబాద్‌లో మంచినీటి పైపులైన్లు, ట్యాంకులు కట్టే ఒక కాంట్రాక్టు సంస్థలో సైట్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. చప్పుడు విని లీకులను, ఫొటోలు చూసి కాంక్రీటు పగుళ్లను కనిపెట్టే ఏఐ పరికరాలు వాడుతున్నాం. సూపర్‌వైజర్లకూ లైన్‌మన్‌లకూ పనికొచ్చేలా తెలుగులో కరదీపిక రాస్తుంటే కొన్ని మాటల దగ్గర మాలో మాకే కుదరడం లేదు. "కృత్రిమ మేధ" సరైనదా, "కృత్రిమ మేధస్సు" సరైనదా? "పైపు 85 శాతం పగిలినట్లు ఏఐ గుర్తించింది" అని నేను రాస్తే మా మేనేజరు "పసిగట్టింది" అని దిద్దారు. ఏది ఉంచాలి? లీకేజీ, సీపేజీ, బరస్ట్‌లకు తెలుగు మాటలు పెట్టాలా? "పైపు వేయబడినది, పరీక్షించబడినది" అనే వాక్యాలు ఉండవచ్చా?

సమాధానం: మొదటిది తేలికగా తేలిపోతుంది. సంస్కృతంలో మాట "మేధా", ఆకారాంత స్త్రీలింగం. తెలుగులోకి వస్తే "మేధ". సకారం చేరేది బహువ్రీహి సమాసంలో. "నిత్యమసిచ్ ప్రజామేధయోః" అన్న పాణిని సూత్రం వల్ల "సుమేధస్" వంటి రూపాలు వస్తాయి. తేజస్సు, యశస్సు, మనస్సుల వరసలో పడి "మేధస్సు" విడిగా కూడా నిలబడింది. పత్రికల్లో, పాఠాల్లో బాగా నలిగిన మాటను ఇప్పుడు తప్పని కొట్టేయడం నాకు ఇష్టం లేదు. అయినా "మేధ" చాలు, పొట్టిది కూడా. మీ కరదీపికలో మొదటి పుటలో "ఏఐ అంటే కృత్రిమ మేధ" అని ఒకసారి చెప్పి, ఆపైన అంతటా "ఏఐ" అనే రాయండి. గుంతలో నిలబడి చదివేవాడికి అదే తెలుసు.

అసలు గట్టిగా చూడవలసింది రెండో వాక్యాన్ని. మీరూ మీ మేనేజరుగారూ క్రియ దగ్గర వాదించుకుంటున్నారు గాని, ముందు ఆ "85 శాతం" సంగతి చూడండి. తెలుగులో క్రియావిశేషణం తన పక్కనున్న క్రియను పట్టుకుంటుంది. "ట్యాంకు 85 శాతం నిండింది" అంటే నిండింది 85 వంతులని. అదే కొలతన "పైపు 85 శాతం పగిలింది" అన్నది చదివినవాడికి పైపు దాదాపు ముక్కలైపోయిందనే అర్థం. లైన్‌మన్ పరుగెత్తి వాల్వు మూసేస్తాడు, కింది బస్తీకి ఆ పూట నీళ్లు బంద్. మీరు చెప్పదలచుకున్నది యంత్రానికి ఎంత నమ్మకముందన్న సంగతి. నిజానికి అదీ కాదు. ఏఐ ఇచ్చే 0.85 అనే స్కోరు, అలాంటి వంద హెచ్చరికల్లో 85 నిజమని హామీ కాదు. మీ సొంత తవ్వకాల ఫలితాలతో సరిచూసుకుంటేనే ఆ అంకెకు అలాంటి అర్థం వస్తుంది. అందుకని శాతం మాట తీసేసి "స్కోరు 0.85" అని వాక్యానికి బయట పెట్టండి.

ఇక క్రియ. "గుర్తించు"లో గుర్తు ఉంది. ఉన్నదాన్ని ఉన్నట్టు తెలుసుకోవడం దాని భావం. "పసి" అంటే వాసన, జంతువు వాసన పట్టి పోల్చుకోవడం "పసిగట్టడం". వార్తల్లో ముందే కనిపెట్టడమనే అర్థంలో అలవాటైంది. రెండిట్లోనూ ఉన్న చిక్కు ఒకటే: ఉన్నది నిజమేనని రెండూ ఒప్పుకుంటాయి. లేని లీకును ఎవరూ గుర్తించలేరు, పసిగట్టలేరు. మీ పరికరం మాత్రం లేని లీకును కూడా చూపిస్తుంది. సగం తెరిచిన వాల్వు నుంచి వచ్చే బుసకూ, పైపు కారేటప్పటి బుసకూ తేడా తెలియక చాలా హెచ్చరికలు పుడతాయి. ఎవరైనా నల్లాకు నేరుగా మోటారు బిగించి లాగుతున్నా, దగ్గర్లో పంపు తిరుగుతున్నా, పైన లారీలు పోతున్నా అంతే. కాబట్టి "చూపుతోంది" చాలు. "చూపు" అనే క్రియ నిజానికి పూచీ పడదు.

ఈ విషయంలో తెలుగుకు చక్కటి సదుపాయం ఉంది, దాన్ని వాడుకోండి. "పగిలింది" అంటే చూసి చెబుతున్న మాట. "పగిలినట్టుంది" అంటే ఆనవాళ్లను బట్టి చెబుతున్న మాట. "పగిలి ఉండవచ్చు" వట్టి అవకాశం. "పగిలిందట" ఎవరో అన్న మాట, దస్తావేజులో దానికి చోటు లేదు. యంత్రం చెప్పినదంతా "-ట్టు"తో, మనిషి తవ్వి చూసినదంతా సూటి భూతకాలంలో రాయాలని ఒక్క నియమం పెట్టుకుంటే, రిజిస్టరు తిరగేసినవాడికి ఏది అనుమానమో ఏది రుజువో క్రియ చివరే తెలిసిపోతుంది. ఇలా:

"రాత్రి 10.40. 300 మి.మీ. డీఐ లైను. రెండు సెన్సార్ల మధ్య 100 మీటర్లు. ఒకటో సెన్సారుకు 20 మీటర్ల దగ్గర పైపు కారుతున్నట్టు ఏఐ చూపుతోంది. స్కోరు 0.85. ఇంకా తవ్వలేదు."

మర్నాడు దాని కిందే: "తవ్వి చూశాం. జాయింటులో రబ్బరు రింగు పక్కకు జారింది. కొత్తది వేశాం."

"డీఐ" (డక్టైల్ ఐరన్, ఒక రకం ఇనుప పైపు) అన్న రెండక్షరాలు అందులో ఎందుకున్నాయో కరదీపికలో ఒక మాట రాయండి. చాలామంది వట్టి "లైను" అని రాసి వదిలేస్తారు. లీకు చప్పుడు రెండు సెన్సార్లకూ వేర్వేరు సమయాల్లో చేరుతుంది. ఆ తేడాను చప్పుడు వేగంతో గుణించి, సెన్సార్ల మధ్య దూరంలోంచి తీసేసి, సగం చేస్తే ముందు విన్న సెన్సారు నుంచి లీకు ఎంత దూరమో వస్తుంది. తేడా 0.05 సెకను, డీఐ పైపులో వేగం సెకనుకు సుమారు 1200 మీటర్లు అనుకుంటే: 100లోంచి 60 పోగా 40, అందులో సగం 20 మీటర్లు. అదే పైపును ప్లాస్టిక్‌దిగా నమోదు చేసి వేగం 400 వేస్తే: 100లోంచి 20 పోగా 80, సగం 40 మీటర్లు. గుంత ఇరవై మీటర్లు తప్పిపోయింది! సీసీ రోడ్డు మీద రెండో గుంత ఖర్చెంతో మీకు చెప్పనక్కర్లేదు. ఏఐ ఎంత తెలివైనదైనా పైపు రకం తప్పు రాసినవాడి తప్పును అది దిద్దదు. మధ్యలో మరమ్మతు చేసి హెచ్‌డీపీఈ (ఒక రకం ప్లాస్టిక్) ముక్క అతికిన లైనైతే ఆ ముక్క పొడవు కూడా విడిగా రాయాలి.

వ్యతిరేకార్థంలో ఇంకా జాగ్రత్త కావాలి. సెన్సారుకు ఏమీ వినబడకపోతే మీ చిత్తుప్రతిలో "లీకు లేదు" అని ఉంటుంది. "లేదు" అన్నది చాలా పెద్ద మాట. "చప్పుడు వినబడలేదు" అనండి. హైదరాబాద్‌లో చాలాచోట్ల నీళ్లు రోజు విడిచి రోజు, కొన్ని గంటలే వదులుతారు. పైపులో ప్రెషర్ లేనప్పుడు ఎంత పెద్ద చిల్లయినా మౌనమే. పైగా అప్పుడే పక్కనున్న మోరీ నీళ్లు ఆ చిల్లిలోంచి లోపలికి దిగుతాయి. ఇరవై నాలుగు గంటలూ నీళ్లుండే ఊళ్లలో అర్ధరాత్రి దాటాక, వాడకం అడుగంటిన వేళ వచ్చే ప్రవాహాన్ని కొలిచి లీకును లెక్కగడతారు. అక్కడి సమాచారంతో నేర్పిన ఏఐని మన లైన్ల మీద పెడితే, నీళ్లు వదిలినప్పుడల్లా ప్రతి ఇంటి సంపూ నిండే హోరును కూడా లీకుగా చూపే ప్రమాదముంది. అందుకే "వినబడలేదు" పక్కన అప్పటి ప్రెషరెంతో రాయాలి. సున్నా ప్రెషర్ దగ్గర వినబడలేదంటే పరీక్ష జరగలేదనే లెక్క.

మూడో ప్రశ్నకు మీరు అనుకున్నదానికంటే పెద్ద జవాబుంది. "లీకేజీ"ని తెలుగు చేయాలా అన్నది నన్నడిగితే, అక్కర్లేదు, అది తెలుగైపోయింది. కాని ఆ ఒక్క మాటతోనే సరిపెడితే ఏఐకి మీరు నేర్పేది దెబ్బతింటుంది. ఫొటోలు చూసి ఇది ఫలానా అని పేరు పెట్టేది మీ సూపర్‌వైజర్లే. వాళ్లు అన్నిటికీ "లీకేజీ" అని పెడితే ఏఐకి అన్నీ ఒకటే. మన మాటలు చూడండి. గోడ మీద తడి తగిలితే "చెమ్మ". నేలలోంచి పైకి వస్తే "ఊట". కాలువ కింది పొలం ఎప్పుడూ తడిగా ఉంటే "జాలు పట్టింది" అంటారు. కుండ, పైపు "కారతాయి", ఇంటికప్పు మాత్రం "కురుస్తుంది". ప్రెషర్‌తో బయటికొస్తే "చిమ్ముతుంది". చెరువు కట్టలో లోపలే మట్టి కొట్టుకుపోయి దారి పడితే "బుంగ". కట్ట నిలువునా పోతే "గండి", అప్పుడు "చెరువు తెగింది" అంటారు. 1908 సెప్టెంబరు మూసీ వరదకు ముందు ఎగువ చెరువులు తెగాయి. ఆ దెబ్బ తరువాతే విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి.

ఇవి అలంకారానికి పోగేసిన పర్యాయపదాలు కావు, ఒక్కోదానికి ఒక్కో పని ఉంది. చెమ్మకు కనిపెట్టి ఉండాలి, కారితే మరమ్మతు చెయ్యాలి, చిమ్మితే వాల్వు మూయాలి, బుంగ పడితే దిగువవాళ్లను ఖాళీ చేయించాలి. కట్ట ఊటలో మరో భేదం ఉంది: నీరు తేటగా వస్తోందా, బురదగా వస్తోందా? తేట నీరైతే కట్ట వడకడుతోంది. బురద నీరైతే కట్ట మట్టి బయటికి పోతోంది, బుంగకు అది మొదలు. కాబట్టి పేర్ల పట్టీలో "తేట ఊట", "బురద ఊట" అని రెండు గళ్లు పెట్టించండి. రాత్రిపూట ఇన్‌ఫ్రారెడ్ కెమెరా తీసే బొమ్మల్లో రంగుండదు గనుక ఆ ఫొటోలకు మూడో గడి కావాలి: "ఊట, రంగు తెలియదు". అది లేకపోతే చీకట్లో తీసిన ప్రతి బొమ్మకూ ఎవరో ఒకరు తేట అని పేరు పెట్టేస్తారు.

పగుళ్ల సంగతీ అంతే. "బీట", "నెర్రె" ఎండిన నేలకు చెందినవి, కాంక్రీటుకు "పగులు" చాలు. పైపొర ఊడితే "పెచ్చు". నీళ్ల ట్యాంకుల డిజైనులో ఐఎస్ 3370 అనే భారతీయ ప్రమాణం ప్రకారం చూసే పగులు వెడల్పు 0.2 మి.మీ. "వెంట్రుకవాసి పగులు" అని ఊరుకుంటే 0.1 కావచ్చు, 0.3 కావచ్చు. ఆ మాట పక్కన గేజీతో కొలిచిన అంకె ఉండాలి. ఫొటోతో ఏఐ కొలుస్తుందంటారా, బొమ్మ అడ్డంగా 4000 పిక్సెళ్లుండి, అందులో నాలుగు మీటర్ల గోడ పడితే ఒక్కో పిక్సెల్ ఒక మిల్లీమీటరు. అందులో 0.2 కొలిచామనడం ఊహే. అదే కెమెరాతో 40 సెంటీమీటర్ల గోడనే నింపి తీస్తే పిక్సెల్ 0.1 మి.మీ.కి వస్తుంది, అప్పుడు కూడా అంచనా మాత్రమే. షట్టరింగు పలకల అతుకు గీతలను పగుళ్లుగా, క్యూరింగు తడిని చెమ్మగా చూపడం ఏఐకి మామూలు. ఓవర్‌హెడ్ ట్యాంకు పరీక్షలో నింపాక ఏడు రోజులు కాంక్రీటు పీల్చుకోనిచ్చి, ఆపై ఏడు రోజులు బయటి గోడ పొడిగా ఉందా లేదా చూడాలి. ఫొటో ఆ రెండు వారాల్లో దేనిదో పేరులోనే రాయకపోతే మొదటి వారపు తడి అంతా లోపంగా లెక్కకొస్తుంది.

కొత్త లైనులో నీళ్లు నింపి ప్రెషర్ ఎక్కించి చూసే హైడ్రో టెస్టు గ్రాఫులకు కూడా "ప్రెషర్ పడిపోయింది" అని ఒకే వాక్యం వాడుతుంటారు. "ఒక్కసారిగా పడింది" అంటే జాయింటు ఊడింది కాబోలు. "దిగుతూ దిగుతూ నిలిచింది" అంటే లోపల గాలి మిగిలిందో, లోపలి సిమెంటు పూత నీళ్లు పీలుస్తోందో. "ఆగకుండా ఒకే తీరుగా దిగుతోంది" అంటే ఎక్కడో కారుతోంది. ఈ మూడింటినీ మూడుగా నమోదు చేస్తేనే ఏఐ మూడుగా నేర్చుకుంటుంది.

నల్లా, మోరీ, సంపు, బంద్ వంటి మాటలను కొళాయి, మురుగు కాలువ అంటూ మార్చకండి. ఫిర్యాదుల్లో జనం అనేది "నీళ్లు వస్తలేవు" అని. "రావడం లేదు" ఒక్కటే నేర్చిన ఏఐ "వస్త" అనే ముక్క చూసి నీళ్లొస్తున్నాయని లెక్కవేసుకోగలదు.

చివరి ప్రశ్న: "వేయబడినది" వద్దు. "కనబడు, వినబడు" మన నోట పుట్టినవి, "వేయబడు, పరీక్షించబడు" కావు. కర్త పేరు అవసరం లేనిచోట "పైపు వేశారు" అంటే చాలు. పరీక్ష దగ్గర మాత్రం కర్త కావాలి: ఎవరు పరీక్షించారు, పనిచేసే ప్రెషర్‌కు ఒకటిన్నర రెట్లు ఎక్కించారా, ఎంతసేపు ఉంచారు. గేజీ లైను ఏ చివర పెట్టారో కూడా రాయించండి. బంజారాహిల్స్ లాంటి ఎగుడుదిగుడు చోట రెండు చివరల మధ్య పది మీటర్ల ఎత్తు తేడా ఉంటే, గేజీలో చదరపు సెంటీమీటరుకు దాదాపు కిలో తేడా వస్తుంది.